మా నాయన కుడి మోకాలు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. కావలసిన సరుకంతా ఇందులో ఉంది. వీరుడున్నాడు, గాయం ఉంది, కొండ మీద కోట ఉంది, దూరప్రయాణం ఉంది, తరాల నాటి శాపం లాంటిది కూడా ఒకటి ఉంది. సముద్ర వర్ణన ఒక్కటే కుదరదు. ధర్మవరానికి చిత్రావతి ఉంది గానీ ఆ ఏడు అందులో ఇసుక తప్ప ఏమీ పారలేదు.

ఇంత ఊరించాక నిజం దాచడం బాగుండదు. ఇది మా నాయన కుడి మోకాలి సంగతి. వీరుడు మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. గాయం బయటికి కనపడదు. కోట పెనుకొండది, దాని కింద సందులో ఎముకలకు కట్లు కట్టే ఒకాయన ఉంటాడు. దూరప్రయాణం మీటరుగేజి రైల్లో హిందూపురం దాకా. శాపం గురించి అది వచ్చినప్పుడు చెప్తాను. దాని మీద కూడా పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు.

మా ఇంట్లో ఉండేది గుంత మగ్గం. నేలలో ఒక గుంత తవ్వి ఉంటుంది. గుంత ఒడ్డున పీట. నేసేవాడు పీట మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదులుతాడు. లోపల రెండు తొక్కుడు పలకలు పైనుంచి తాళ్లకు వేలాడుతుంటాయి. ఒకటి తొక్కితే సగం పోగులు లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం. మధ్యలో పోగు మోసుకుంటూ నాడె అటూ ఇటూ పోతుంది. చీర చూసిన ప్రతివాళ్లూ చేతిపని ఎంత బాగుందో అంటారు. అందులో సగం కాలిపని. కాలిపని బాగుందన్నవాళ్లను నేనింకా చూడలేదు.

నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. మా నాయన నొప్పి చెప్పుకునే మనిషి కాదు. అన్నానికి కూర్చునేటప్పుడు గోడ పట్టుకోవడం, లేచేటప్పుడు రెండు చేతులూ నేలకు ఆనించి కాసేపు ఆగడం, మెట్టెక్కేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టడం, వీటన్నిటినీ మేము వయసు మీదికి తోసేశాం. ఆయనకు అప్పటికి యాభై కూడా నిండలేదు. చివరికి ఒకరోజు పొద్దున మగ్గం చప్పుడు మధ్యలో ఆగిపోయింది. పోయి చూస్తే, నాయన కుడి తొడను రెండు చేతులతో పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్లు కాలును గుంతలోంచి పైకి లాగుతున్నాడు.

"ఏమాయె నాయనా?"

"ఏం కాలేదు. కాలు రాలేదు" అన్నాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఎస్సెల్సీ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ లెక్కల దగ్గర మాకు సరిపడలేదు. ఇంట్లో నాడెకు పట్టు కండెలు చుట్టడం, ఊళ్లో మాటలు చుట్టడం నా పని. మాకున్నది ఒకే మగ్గం, ఒకే గుంత. నాయన దిగలేకపోతే దిగాల్సింది నేనే, అదీ జన్మంతా. అందుకని ఆ మోకాలు బాగుపడాలని నేను కోరుకున్నంత గట్టిగా ఆయన కూడా కోరుకుని ఉండడు.

మొదట వైద్యం మా అవ్వది. అవ్వ అంటే నాయనకు తల్లి, ఆ మగ్గానికి కూడా దాదాపు అంతే. గుంతను తవ్వింది మా తాత. తాత పోయాక దాన్ని కాపాడేది అవ్వ. అమావాస్యకు మేము మగ్గం ముట్టం. ఆ రోజు అవ్వ తలకు పోసుకుని, ఎర్రమన్నూ పేడా కలిపి గుంత అడుగు అలికి, బొట్లు పెట్టి, ఊదుబత్తి వెలిగిస్తుంది. పెండ్లయి వచ్చిన నెల నుంచి ఒక్క అమావాస్య తప్పలేదని ఆమె లెక్క. నేను పరీక్ష తప్పిన నెల కూడా తప్పలేదు, అది నాకు తెలుసు.

అవ్వ ఆ మోకాలి మీద ఆముదం కాచి పోసింది. వావిలాకు ఉడికించి కట్టింది. ఉప్పుమూట కాచి అదిమింది. జిల్లేడాకు అంటించింది. మా ఇంట్లో అన్నం కంటే మోకాలికే ఎక్కువ వంట జరిగింది. పది రోజులకు మోకాలు నున్నగా, మెరుస్తూ, కొత్తదానిలా తయారైంది. నొప్పి మాత్రం పాతదే.

అప్పుడు పెనుకొండ పోయినాం. రైలు దిగి జట్కాలో ఊళ్లోకి పోయేసరికి నాయన మొహంలో నెత్తురు లేదు. కట్లు కట్టే ఆయన అరుగు మీద కూర్చుని మినపపిండి కలుపుకుంటున్నాడు.

"యాడప్పా నొప్పి?"

"మోకాలు. లోపలి పక్క."

"పడినావా?"

"లేదు."

"ఎవరన్నా కొట్టిరా?"

"లేదు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేమన్నా కొట్టినావా?"

"ఇంకా లేదు" అన్నాను.

ఆయన మోకాలిని పట్టుకుని అటు నొక్కి ఇటు నొక్కి, చిప్పను పక్కలకు కదిపి, లోపల నరం పక్కకు జరిగిందని తేల్చాడు. మా జిల్లాలో నరాలు ఊరికే ఉండవు, ఎప్పుడూ పక్కకు జరుగుతూనే ఉంటాయి. కోడిగుడ్డు తెల్లసొనలో మినపపిండి కలిపి పట్టించి, చుట్టూ వెదురు దబ్బలు పెట్టి, తొడ నుంచి పిక్క దాకా గుడ్డ చుట్టాడు. "మూడు వారాలు వంచొద్దు. వంచితే నాకు తెలుస్తాది" అన్నాడు. పెనుకొండలో కూర్చుని ధర్మవరంలో వంగిన మోకాలు ఆయనకెట్లా తెలుస్తుందో అడగాలనుకున్నాను. నాయన చూపు చూసి ఊరుకున్నాను.

తిరుగు రైల్లో నాయన కాలు దారికి అడ్డంగా గేటులా ఉండింది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, శనక్కాయలమ్మేవాడు, అందరూ దాన్ని దాటి పోవాలి. దాటిన ప్రతివాళ్లూ సుంకం కట్టినట్లు ఒక వైద్యం చెప్పి పోయారు. ధర్మవరం వచ్చేసరికి మాకు పదకొండు మందులు తెలుసు. నాయన అన్నిటికీ "సరేప్పా" అన్నాడు.

ఆ మూడు వారాలు గుంతలోకి నేను దిగాను. నేను అమ్మ పోలిక, పొట్టి. నాయన పొడుగు. గుంత నాకు బాగానే సరిపోయింది. ఆ సరిపోవడమే నన్ను భయపెట్టింది. పలకల తాళ్లకు ఒకదాని కింద ఒకటి ముడులు కనిపించాయి.

"ఈ ముడులేంది నాయనా?"

కట్టుకాలు చాపుకుని గోడకానుకుని కూర్చున్న నాయన చెప్పాడు. "పాత తాళ్లు, సాగుతాంటాయి. పలక పోయి నేలకు తగులుతాది. తగిలినప్పుడల్లా ఒక ముడి వేస్తా, పలక పైకొస్తాది."

నేను ముడుల గురించి మళ్లీ ఆలోచించలేదు. ఆలోచించడానికి నా దగ్గర వేరే కష్టాలున్నాయి. నేను రోజంతా కూర్చుని నేసింది సాయంత్రానికి జానెడు. నాయన కుంటుకుంటూ వచ్చి దాని మీద వేలు పెట్టి చూశాడు. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఆ జానెడూ పోగుపోగుగా విప్పేసి ఉంది. ఒక మనిషిని ఇంత మర్యాదగా తిట్టడం నేను చూడలేదు.

కానీ మగ్గం చప్పుడు నా కాళ్ల కింద తప్పుగా పడినప్పుడల్లా, ఆ గోడ దగ్గర ఆయన కుడికాలు కట్టులోనే అదిరేది. తొక్కాల్సిన చోట ఆయన కాలు తొక్కుతోంది, పలక లేకుండా. అది చూసిన రోజు నాకు జోకు ఏదీ తట్టలేదు. ఒకటి రెండు తట్టాయి గానీ బాగాలేవు.

మూడు వారాలకు కట్టు విప్పితే నొప్పి లేదు. అవ్వ పెనుకొండ దిక్కు తిరిగి దండం పెట్టింది, టెంకాయ కొట్టింది. నాయన గుంతలోకి దిగాడు. నేను ఊళ్లోకి పోయి స్వతంత్రం వచ్చిన వాడిలా రెండు రోజులు తిరిగాను. నాలుగో రోజు మగ్గం మళ్లీ మధ్యలో ఆగింది.

హిందూపురంలో ఎముకల సంగతి తెలిసిన డాక్టరున్నాడని పక్కింటాయన చెప్పాడు. అవ్వకు ఇష్టం లేదు. "కోస్తారు" అంది. "కొయ్యరు అవ్వా, చూస్తారు" అన్నాను. "చూసినాక కోస్తారు" అంది. ఆమెను మాటల్లో గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

హిందూపురం డాక్టరు సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే మనిషి. బాగా అలిసిపోయిన మొహం. ఆయన గదిలో బీరువా పైన మనిషి ఎముకలు కొన్ని ఉన్నాయి. నాయన వాటికి కనపడకుండా కూర్చోవాలని చూశాడు.

"ఎల్లి నోవు? యాడ నొప్పి?"

"మోకాలు" అన్నాం ఇద్దరం. అప్పటికి ఆ మాట మాకు ఇంటిపేరంత అలవాటైపోయింది.

డాక్టరు నాయనను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. తొడ కింద చేయి ఆనించి, తొడను కదలనీయకుండా మోకాలిని మాత్రం వంచాడు, చాచాడు. మళ్లీ వంచాడు.

"నొప్పి?"

"లేదు సార్."

చిప్ప మీద నొక్కాడు. కీలు రెండు పక్కలా వేళ్లతో వెతికాడు. లేదు. నాకు సిగ్గేసింది. ఇంత దూరం వచ్చి నొప్పి చూపించలేకపోవడం, సంతలో పాలివ్వని ఆవును పట్టుకుని నిలబడినట్లుంది. తర్వాత ఆయన నాయన తొడను నిలువుగా లేపి, మోకాలు వంచి పెట్టి, పాదాన్ని పట్టుకుని బయటి పక్కకు తిప్పాడు. నాయన బల్ల అంచును పట్టుకున్నాడు.

"మోకాలు సార్. అదే, అదే నొప్పి."

"సుమ్నే, ఊరికే ఉండప్పా. ఇప్పుడు నేను తిప్పింది మోకాలు కాదు. తుంటి."

ఆయన బీరువా మీది ఎముకలు దించాడు. ఒకటి కటి ఎముక, పక్కన గిన్నెలాంటి గుంత ఉంది. రెండోది తొడ ఎముక. దాని పైకొన పక్కకు తిరిగి, చివర నిమ్మకాయంత గుండు. గుండును గిన్నెలో పెట్టి తిప్పి చూపించాడు. రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్లు తిరిగింది. ముందుకు, వెనక్కు, పక్కకు, లోపలికి, బయటికి, ఎటైనా పోతుంది. తొడ ఎముక కిందికొనను కాలి ఎముక మీద పెట్టి మోకాలు చూపించాడు. దానికి ఇన్ని విలాసాలు లేవు. తలుపు బందులా వంగుతుంది, చాచుకుంటుంది. వంగి ఉన్నప్పుడు మాత్రం కొంచెం పక్కలకు తిరుగుతుంది, అంతే. చిప్ప ముందు పక్క పైకీ కిందికీ జారుతుంటుంది. ఈ రెండిటికీ నొప్పి చెప్పే నరాలు కొన్ని ఒకటే అట. తుంటి కీలు అరిగి, గిన్నె అంచు ఒరుసుకుంటే, కబురు మాత్రం మోకాలి పేరుతో పోతుందట. చాలామందికి ఇట్లాగే అవుతుందట.

తుంటి మీద కొడితే పళ్లు రాలాయనే సామెత చిన్నప్పటి నుంచి విని నవ్వుకున్నాను. అది వైద్యశాస్త్రమని ఎవరూ చెప్పలేదు.

నాయన తొడ ఎముకను చేతిలోకి తీసుకున్నాడు. ఇందాక దానికి భయపడినవాడు, కొత్త నాడెను చూసినట్లు గుండు మీద బొటనవేలు నడిపాడు.

"నున్నగా ఉండాది. ఇది ఎవురిది సార్?"

"తెలీదు. ఎవరిదైనా ఇప్పుడాయనకు నొప్పి లేదు" అన్నాడు డాక్టరు. నాకాయన నచ్చాడు.

తర్వాత మగ్గంలో ఎట్లా కూర్చుంటావో చూపించమన్నాడు. నాయనను కుర్చీలో కూర్చోబెట్టి పాదాల కింద ఒక పెట్టె పెట్టాడు. "ఇంతేనా?" "ఇంకా ఎత్తు సార్." ఇంకో పెట్టె. "ఇంకా." లావుపాటి పుస్తకం ఒకటి పెట్టాడు. మోకాళ్లు నాయన రొమ్ముకు దగ్గరగా వచ్చేదాకా నాయన ఒప్పుకోలేదు. డాక్టరు కాసేపు చూశాడు.

"ఇట్ల కూర్చుని నేస్తావా? పొద్దుగూకులా?"

"మా నాయన కూడా ఆ గుంతలోనే కూర్చున్యాడు సార్. నా అంతే పొడుగు. ఆయనకేమీ కాలేదు."

"మోకాలు ఇంత పైకొస్తే తొడ గుండు గిన్నె అంచును నొక్కుతానే ఉంటాది. తొక్కినప్పుడల్లా ఒరుసుకుంటాది. అరిగింది మళ్లీ రాదప్పా. మోకాలు తుంటి కంటే కింద ఉండేట్ల కూర్చుంటే నొప్పి తగ్గుతాది, పని చేసుకోవచ్చు. ఇట్లే కూర్చుంటే నడిచేకి కూడా కష్టమైతాది. గుంత లోతు చేసుకో. లేకుంటే మగ్గం వదిలెయ్."

రైల్లో నాయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పెనుకొండ కొండ వచ్చింది, పోయింది. అప్పుడు అన్నాడు, "మీ అవ్వ తవ్వనీదురా."

శాపం ఇదే. గుంతకు పూజ చేసి తాత మొదటి పోగు వేసినాక, దాని అడుగున ఇనుము దించకూడదు. దించితే ఇల్లు నిలబడదు. ఎవరు చెప్పారో తెలియదు. మా వీధిలో ఇల్లు కూలినవాళ్లున్నారు, వాళ్లు గుంత తవ్వలేదు, వానకు కూలింది. అయినా నమ్మకానికి వానతో పనేముంది.

ఇంటికొచ్చి డాక్టరు చెప్పింది చెప్పాం. అవ్వ గుంత పక్కన కూర్చుని అంతా విని, "మోకాలు నొస్తాంటే తుంటి అంటాడు, తుంటి అంటే గుంత అంటాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడి. రేపు ఇంటి కప్పు అంటాడు" అంది. "మా ఆయన ఇందులోనే కూర్చుని నేసె. ఒక్కనాడు అమ్మా అనలేదు."

నాయన పడుకోవడానికి గోడ పట్టుకుని లేచాడు. లేవడానికి పట్టిన సేపంతా అవ్వ ఇంకోవైపు చూసింది.

మూడో రోజు అమావాస్య. అవ్వ మన్ను కలుపుకుని వచ్చి, గుంత ఒడ్డున పీట మీద కూర్చుని, ముందుకు వంగి చేయి చాచి అడుగు అలుకుతోంది. నేను కండెలు పక్కన పెట్టి ఊరికే చూస్తున్నాను. నేను చేసే పనుల్లో నాకు కొంచెం బాగా వచ్చినది అదే.

"ఎప్పుడూ ఇట్లే కూర్చొని అలుకుతావా అవ్వా?"

"లేదు. పెండ్లయినప్పుడు దిగి అలికేదాన్ని. లోపల నిలబడితే తొడ మీదికి వచ్చేది. ఎక్కేకి మీ తాత చెయ్యిచ్చేవాడు."

"మరి ఇప్పుడు దిగవేం?"

"దిగేదెందుకు, చెయ్యి అందుతాదిగా."

అంది. అలుకుతున్న ఆమె చేయి ఆగింది.

"వయసైతే చేతులు పెరగవు అవ్వా" అన్నాను.

ఆమె తన చేతిని చూసుకుంది, తర్వాత గుంతను. నాకు ఆ తాళ్ల ముడులు గుర్తొచ్చాయి. తాళ్లు సాగలేదు. నేలే పైకి వచ్చింది. ఒక్కో అమావాస్యకు ఒక్కో పూత, గోరంత మందం కూడా లేని పూత, యాభై ఏళ్లుగా. పలక నేలకు తగిలినప్పుడల్లా నాయన తాడును తిట్టుకుని ముడి వేశాడు. ముడి వేసినప్పుడల్లా పలకతో పాటు మోకాలు కొంచెం పైకి లేచింది. తాతకు ఏమీ కాకపోవడానికి కారణం, ఆయన కాలంలో గుంత ఇంకా గుంతలాగే ఉండింది.

మన్ను అవ్వ చేతిలోనే ఎండిపోయింది.

"అంటే నేనే ఎత్తినానా?" అంది.

లోపలి గదిలోంచి నాయన గొంతు వినిపించింది. "నీవొక్కదానివేనా అమ్మా. ముడులేసింది నేనేగా."

ఆమె లేచింది. చేయి కడుక్కుంది. "గడ్డపార తెచ్చుకోపోరా" అంది నాతో. "మీ తాత వేసిన నేల కంటే కిందికి దించినావో, నీ కాళ్లు ఇరగ్గొడతా. పైన పోసింది నాది, నాది నేను తీసుకుంటాండా. దానికి ఏ శాపమూ ఉండదు."

న్యాయశాస్త్రం ఇంత తొందరగా మారడం నేను ఎక్కడా వినలేదు.

తవ్వాను. పేడా మన్నూ కలిసి ఎండిన పూతలు రాయిలాగే ఉన్నాయి. పెళ్ల లేపితే అంచున ఉల్లిపాయ పొరల్లా పొరలు. మధ్యమధ్య పట్టుపోగుల ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక చోట చిలకాకుపచ్చ, దాని కింద ఎరుపు. అవ్వ ఎరుపు పోగును గోటితో తీసి, "ఇది మీ నాయన పెండ్లి ఏడుది" అంది. ఎరుపు చీర మేము ఏటా నేస్తాం. చెప్పలేదు. నాకు నడుం పడిపోయి ఉంది, ఆమెకు ఇంకేదో పడిపోయి ఉంది. అడుగున తాత చదును చేసిన సున్నపు నేల తగిలి గడ్డపార ఖంగుమంది. అక్కడ ఆపేశాను. పూతల పైనుంచి అక్కడికి కొలిస్తే జానెడు. నేను నేసి, నాయన విప్పేసినంత.

పెళ్లలన్నీ గంపలతో పెరట్లో పోశాం. నాయన పీట మీద కూర్చుని కాళ్లు వదిలాడు. పాదాలు గాల్లో ఉండిపోయాయి, పలకలు ఎక్కడో పైన ఉన్నాయి. ఆయన తాళ్ల ముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాడు. కొన్ని పళ్లతో విప్పాల్సి వచ్చింది. అన్నీ విప్పాక తాళ్లు సరిగ్గా సరిపోయాయి. మోకాళ్లు కిందికి దిగాయి. ఒకసారి కుడికాలితో తొక్కి ఆగాడు. మేమంతా ఆయన మొహం చూస్తున్నాం. ఆయన రెండోసారి తొక్కాడు. అవ్వ ఏదన్నా చెప్తాడేమోనని ఎదురుచూసింది. నాయన నాడె తీసుకుని నేత మొదలుపెట్టాడు. అదే ఆయన చెప్పడం.

ఇది జరిగి మూడేళ్లయింది. నొప్పి పూర్తిగా పోలేదు. డాక్టరు చెప్పినట్లు అరిగింది రాలేదు. చలికాలం పొద్దున నాలుగడుగులు కుంటుతాడు, తర్వాత సర్దుకుంటాడు. మగ్గం నడుస్తోంది, నేను కండెలు చుడుతున్నాను. అలకడం మానమంటే అవ్వ మానలేదు. అమావాస్య అమావాస్యే. కాకపోతే కొత్త పూత వేసేముందు పాత పూత గీకెయ్యాలని ఒప్పుకుంది. దిగి గీకేది నేను. తాపీతో ప్రయత్నించాను, సున్నపు నేల లేచిపోతోంది. దోసెలు తిప్పే పాత గరిటె అయితే బాగా వస్తుంది, ముందు రోజు సాయంత్రం నేలను కొంచెం తడిపి పెట్టుకోవాలి.